స్కూలు గ్రౌండ్‌లో ఛాంపియన్ ఎలా తయారవుతారు? కోడి రామ్మూర్తి నుంచి కరణం మల్లీశ్వరి దాకా మన ఉత్తరాంధ్ర కథ

ఈ ఎపిసోడ్‌ని రెండు ప్రశ్నలతో మొదలుపెడదాం.

మొదటిది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఎవరు? గ్రూప్స్‌కి, పోలీస్ ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు దీన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. కరణం మల్లీశ్వరి. 2000 సంవత్సరం, సిడ్నీ, వెయిట్ లిఫ్టింగ్, కాంస్యం.

రెండోది. ఆవిడకి మొట్టమొదట బరువులు ఎత్తడం నేర్పిన మాస్టారు ఎవరు? ఇప్పుడు చాలామంది ఆగిపోతారు. ఆయన పేరు నీలంశెట్టి అప్పన్న. మన శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. నేను ఇప్పుడు మాట్లాడుతున్నది ఎచ్చెర్ల నుంచి. ఇక్కడి నుంచి శ్రీకాకుళం మీదుగా ఆ ఊరికి గంట కూడా పట్టదు. అంత దగ్గరలో ఉండి కూడా మనకి పతకం పేరు తెలుసు, పాఠం చెప్పిన పేరు తెలీదు.

ఇవాళ్టి టాపిక్ అదే. స్కూలు వయసు పిల్లల్ని ఆటల్లో పెంచే కోచ్ అసలు చేసే పని ఏంటి? గెలిచేవాడిని వెతికి పట్టుకోవడమా? లేకపోతే వచ్చిన పిల్లలందరినీ గ్రౌండ్‌లో నిలబెట్టడమా? ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది కానీ కాదు. తేడా ఎక్కడుందో మన జిల్లాల చరిత్రే చెబుతుంది.

డ్రిల్లు మాస్టారు ఎక్కడి నుంచి వచ్చాడు?

మన తాతల కాలంలో పీఈటీ అనే మాట లేదు. "డ్రిల్లు మాస్టారు" అనేవారు. ఇప్పటికీ పల్లెల్లో పెద్దవాళ్ళు అలాగే పిలుస్తారు. డ్రిల్లు అనేది బ్రిటిష్ వాళ్ళ సైన్యం నుంచి స్కూలుకి వచ్చిన మాట. వరసగా నిలబడు, ఈల వేస్తే చెయ్యి ఎత్తు, ఇంకో ఈలకి దించు. పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టడం దాని ఉద్దేశం. ఆట అనేది అందులో తక్కువ.

కానీ మన ఊళ్ళలో అంతకు ముందే వేరే బడి ఒకటి ఉండేది. వ్యాయామశాల. కొన్నిచోట్ల తాలింఖానా అనేవారు. సాముగరిడీలు, కర్రసాము, కుస్తీ, దండీలు, బస్కీలు. దానికి ఫీజు, సెలెక్షన్ ఏమీ లేవు. గురువు ఒకరు ఉంటారు, ఆయన కింద పెద్ద కుర్రాళ్ళు, వాళ్ళ కింద చిన్న గుంటలు. పెద్దవాడు చేస్తుంటే చిన్నవాడు చూసి నేర్చుకుంటాడు.

ఈ రెండు దారులూ ఒకే మనిషిలో కలిశాయి. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు. శ్రీకాకుళం వెళ్ళినవాళ్ళకి కోడి రామ్మూర్తి స్టేడియం తెలుసు. వైజాగ్ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం దగ్గర సెల్ఫీ దిగినవాళ్ళూ ఉంటారు. 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి నారాయణస్వామి దగ్గర పెరిగారు. అక్కడే వ్యాయామశాలలో దేహం పెంచారు.

ఆయన ఛాతీకి కట్టిన గొలుసుని ఊపిరి బిగించి తెంచడం, కార్లని కదలకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఇవన్నీ మీరు వినే ఉంటారు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్ అన్న బిరుదులూ తెలుసు. కానీ రీల్స్‌లో రాని ఒక చిన్న విషయం ఉంది. సర్కస్ పెట్టకముందు ఆయన మద్రాసు సైదాపేట వెళ్ళి ఏడాది పాటు వ్యాయామ శిక్షణలో ట్రైనింగ్ అయ్యారు. తిరిగొచ్చి విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు.

అంటే ఏంటి? ఇండియన్ హెర్క్యులస్ ముందు ఒక డ్రిల్లు మాస్టారు.

నాకు ఈ వివరం ఏనుగు కంటే పెద్దది అనిపిస్తుంది. ఎందుకంటే ఏనుగుని మోయడం ఒక్క మనిషి బలం. ఆ బలం ఎలా వచ్చిందో స్కూల్లో పిల్లలకి నేర్పడానికి ఒప్పుకోవడం వేరే బలం. ఆయన కథని మనం "పుట్టుకతోనే భీముడు" అన్నట్టు చెప్పుకుంటాం. కానీ ఆయన దారి చూడండి. వ్యాయామశాల, తర్వాత ట్రైనింగ్, తర్వాత స్కూలు. పద్ధతిగా నేర్చుకున్న మనిషి ఆయన.

ఆ తర్వాత 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల చదువు ఒక రూపానికి రావడం ఎక్కువగా అక్కడి నుంచే. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత జట్టు వెంట వెళ్ళింది కూడా ఆయనే. ఆయన పట్టుబట్టింది ఒక మాట మీద. ఉత్త డ్రిల్లు సరిపోదు, పిల్లలు ఆడాలి, అందరూ ఆడాలి. ఇది ఈ రోజు మనకి మామూలు మాటలా వినిపిస్తుంది. వందేళ్ళు గడిచాయి కదా, మన స్కూళ్ళలో అందరూ ఆడుతున్నారా? మీరే చెప్పండి.

మెట్లు కట్టారు, బాగానే ఉంది, కానీ...

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం కొన్ని మెట్లు కట్టింది. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేరుతో కోచింగ్ పథకం వచ్చింది. 1954లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పుట్టింది. 1961లో పటియాలాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ వచ్చింది. కోచ్‌లని తయారుచేసే పెద్ద బడి అది.

స్కూల్ గేమ్స్ అంటే మీకు తెలుసు. మండలం, జిల్లా, రాష్ట్రం, నేషనల్స్. అండర్ 14, అండర్ 17, అండర్ 19. ఈ మెట్ల గొప్పతనం ఏంటంటే, కవిటిలోనో మెరకముడిదాంలోనో చదివే పిల్లకి కూడా పైకి వెళ్ళే దారి ఒకటి కాగితం మీద ఉంటుంది. సిఫారసు అక్కర్లేదు, గెలిస్తే చాలు.

అయితే దీనికి ఒక పక్క దెబ్బ కూడా ఉంది. మెట్లు వచ్చాక కోచ్ పనిని సర్టిఫికెట్లతో కొలవడం మొదలైంది. "మీ స్కూలుకి ఎన్ని మెడల్స్ వచ్చాయి మాస్టారూ?" ఇదే ప్రశ్న. "మీ స్కూల్లో ఎంతమంది ఆడుతున్నారు?" అని ఎవరూ అడగరు. అలా అడగనప్పుడు మాస్టారు ఏం చేస్తాడు? ఆరో తరగతిలోనే ఎత్తుగా, బలంగా ఉన్న నలుగురిని ఏరుకుంటాడు. మిగతా వందమందిని చప్పట్లు కొట్టడానికి వరసలో కూర్చోబెడతాడు. ఆయన తప్పు కాదది. మనం అడిగిన లెక్క అది.

ఆ వరసలో కూర్చున్న వందమందిలో ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? ఇక్కడే మల్లీశ్వరి కథలోకి వద్దాం.

"నువ్వు బక్కగా ఉన్నావమ్మా"

1975లో పుట్టిన మల్లీశ్వరి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్ కూతురు. తండ్రి మనోహర్, తల్లి శ్యామల. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. ఆ అక్కచెల్లెళ్ళు బరువులు ఎత్తడం మొదలుపెట్టారు. అక్కకి అప్పన్న మాస్టారు నేర్పుతున్నారు. మల్లీశ్వరికి అప్పుడు దాదాపు 12 ఏళ్ళు. నేనూ వస్తానంది. పిల్ల చూస్తే చాలా బక్కపల్చన. నీకు ఈ బరువులు కుదరవు, ఇంట్లో అమ్మకి సాయం చేసుకో అన్నట్టుగా మొదట ఆయన తిప్పి పంపారని చెబుతారు. ఆ అమ్మాయి పట్టు వదల్లేదు. తల్లి వెనక నిలబడింది. చివరికి అదే మాస్టారు, అదే వ్యాయామశాలలో ఆమెకి నేర్పారు.

ఫ్రెండ్స్, దీన్ని మోటివేషన్ వీడియోల్లో ఎలా చెబుతారంటే "చూశారా, కోచ్ తప్పని నిరూపించింది" అంటారు. నేను అలా చూడను. పన్నెండేళ్ళ పిల్లని చూసి పదమూడేళ్ళ తర్వాత ఒలింపిక్స్ మెడల్ వస్తుందని ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. కోచ్ కన్ను ఎంత పెద్దదైనా మొదటి రోజు అది పొరపడుతుంది. అందులో వింత లేదు. వింత ఏంటంటే, మొదటి రోజు వద్దన్న పిల్ల మళ్ళీ వస్తే తలుపు తీశారు. మంచి కోచ్‌కీ మామూలు కోచ్‌కీ తేడా అక్కడుంది. తన మొదటి అంచనా కంటే ఆ పిల్ల రావడం ముఖ్యం అనుకోవడంలో ఉంది.

ఇంకో విషయం గమనించండి. ఇది నాకు చాలా ఇష్టమైన పాయింట్. అప్పటికి సుమారుగా 1987. ఆడవాళ్ళకి వెయిట్ లిఫ్టింగ్‌లో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగిందే 1987లో. ఏషియన్ గేమ్స్‌లో ఆడవాళ్ళ లిఫ్టింగ్ 1990లో వచ్చింది. ఒలింపిక్స్‌లోనైతే 2000 దాకా లేనే లేదు. అంటే ఊసవానిపేటలో ఆ ఆడపిల్లలు బరువులు ఎత్తుతున్న రోజుల్లో, వాళ్ళు గెలవడానికి ఒలింపిక్ మెడల్ అనేది ప్రపంచంలో ఎక్కడా లేదు!

మరి మాస్టారు ఏం చూసి నేర్పినట్టు? పతకం చూసి కాదు. లేని దాన్ని చూడలేరు కదా. పిల్లలు నేర్చుకుంటామన్నారు, నేర్పారు. అంతే. ఇప్పుడు అకాడమీలో చేర్చిన మొదటి రోజే "ఎన్నాళ్ళకి నేషనల్స్‌కి వెళ్తాడండీ?" అని అడిగే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

మాస్టారు చెయ్యి వదలడం

తర్వాతి కథ వేగంగా చెబుతాను. 1990లో ఏషియన్ గేమ్స్ ముందు జాతీయ శిబిరం జరుగుతోంది. అక్క వెంట వెళ్ళిన మల్లీశ్వరి సోవియట్ లిఫ్టర్ లియోనిడ్ తరనెంకో కంట పడింది. ఈయన మామూలు మనిషి కాదు. 1980 మాస్కో ఒలింపిక్స్ ఛాంపియన్. 1988లో క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోలు ఎత్తినవాడు. ఆయన చెప్పాక ఆమెకి పెద్ద శిక్షణ దారి తెరుచుకుంది.

1993లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 1996లో మళ్ళీ కాంస్యం. మధ్యలో 1994, 1998 ఏషియన్ గేమ్స్‌లో రజతాలు. చివరికి 2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. 69 కిలోల విభాగం. స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. చివరి ప్రయత్నంలో 137.5 పెట్టారు. లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, అంటే బంగారం. ఎందుకంటే బంగారం, రజతం గెలిచిన ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. అది లేవలేదు. అయినా ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క పతకం అదే.

ఇందులో కోచ్ పాఠం ఎక్కడుందంటే, ఊరి వ్యాయామశాల నుంచి ప్రపంచ వేదిక దాకా ఒకే కోచ్ తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళలేడు కూడా. మొదటి కోచ్ పని పునాది వేయడం. ఆ తర్వాత పిల్లని పెద్ద చేతుల్లో పెట్టి పక్కకి జరగడం. ఇది చెప్పినంత తేలిక కాదు. చాలామంది కోచ్‌లు "నా పిల్ల, నా దగ్గరే ఉండాలి" అంటారు. అలా అన్న చోట పిల్ల ఎదుగుదల ఆగిపోతుంది. అప్పజెప్పేసిన చోట మాస్టారి పేరు మరుగున పడిపోతుంది. ఎపిసోడ్ మొదట్లో రెండో ప్రశ్నకి మనం తడబడింది అందుకే.

పునాది అంటే ఏంటి?

వెయిట్ లిఫ్టింగ్ తెలియనివాళ్ళకి రెండు మాటలు. స్నాచ్ అంటే బరువుని నేల మీద నుంచి ఒకే ఊపులో తల మీదకి తీసుకెళ్ళడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల మీదకి, అక్కడి నుంచి తల పైకి. చూడ్డానికి ఉత్త బలం ఆటలా ఉంటుంది. కానీ నిజానికి ఇది వేగం, బ్యాలెన్స్, నడుము ఎక్కడ నిటారుగా ఉండాలి, మోకాలు ఎప్పుడు వంగాలి అనే లెక్క.

అందుకే పద్ధతి తెలిసిన కోచ్ పిల్లల చేతికి మొదట బరువు ఇవ్వడు. కర్ర ఇస్తాడు. కర్రతో వంద సార్లు, వెయ్యి సార్లు. తర్వాత ఖాళీ రాడ్డు. ఆడవాళ్ళ రాడ్డు 15 కిలోలు, మగవాళ్ళది 20 కిలోలు. అది వంకర లేకుండా వచ్చాకే పక్కన బిళ్ళలు ఎక్కుతాయి. పిల్లలకి ఇది బోర్ కొడుతుంది. నాన్నలకి ఇంకా బోర్. "ఏటి మాస్టారూ, మావోడి చేత ఇంకా కర్రే తిప్పిస్తన్నారు" అంటారు. కానీ ఆ ఏడాది ఓపిక పడితే నడుము పదిహేనేళ్ళు కాపాడుతుంది.

ఇక్కడే ఒక అపోహ. "బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారు" అంటారు కదా? తెలిసిన మనిషి దగ్గరుండి, సరైన పద్ధతిలో, వయసుకి తగ్గ బరువుతో చేయిస్తే ఎదుగుదల ఆగదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఇదే చెబుతుంది. ప్రమాదం బరువులో లేదు. పక్కన నేర్పేవాడు లేకుండా యూట్యూబ్ చూసి ఎత్తడంలో ఉంది. అవును, ఈ మాట యూట్యూబ్‌లోనే చెబుతున్నాను.

కన్ను ఎందుకు పొరపడుతుంది?

ఒక చిన్న లెక్క చూద్దాం. అండర్ 14 పోటీ. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లలు. ఒకడు జనవరిలో, ఇంకొకడు డిసెంబర్‌లో. కాగితం మీద ఇద్దరిదీ ఒకే వయసు. నిజానికి దాదాపు ఏడాది తేడా. పన్నెండేళ్ళ దగ్గర ఏడాది అంటే ఎంత ఎత్తు, ఎంత బరువు తేడా వస్తుందో మీ ఇంట్లో తమ్ముళ్ళని చూస్తే తెలుస్తుంది. కెనడా ఐస్ హాకీలో 1980లలోనే దీన్ని గమనించారు. సెలెక్ట్ అయిన ఆటగాళ్ళలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువ ఉన్నారు. అంటే వాళ్ళు ఏరింది ప్రతిభని కాదు, పుట్టినరోజుని!

దీనికి తోడు కొందరు పిల్లలు తొందరగా పెరుగుతారు, కొందరు ఆలస్యంగా. ఆలస్యంగా పెరిగేవాడిని ఆరో తరగతిలో పక్కన కూర్చోబెడితే, ఇంటర్‌కి వచ్చి ఒక్కసారిగా ఎదిగినప్పుడు వాడు గ్రౌండ్‌లో ఉండడు. ఫోన్‌లో ఉంటాడు.

అయితే మాస్టారి కన్ను ఎప్పుడూ తప్పేనా? కాదు. జ్యోతి యర్రాజీని చూడండి. వైజాగ్ అమ్మాయి, 1999లో పుట్టింది. పోర్ట్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఆమె ఎత్తు చూసి, ఈ పిల్ల హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించింది స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడే. తర్వాత హైదరాబాద్‌లో నాగపురి రమేష్ దగ్గర, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర శిక్షణ. 2022లో సైప్రస్‌లో 13.23 సెకన్లలో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తి, 2002 నుంచి ఉన్న అనురాధా బిస్వాల్ జాతీయ రికార్డు బద్దలుకొట్టింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్. 2024లో పారిస్ ఒలింపిక్స్.

ఇక్కడా అదే గొలుసు. స్కూలు మాస్టారు, రాష్ట్ర స్థాయి కోచ్, తర్వాత ప్రపంచ స్థాయి కోచ్. మొదటి లింకు స్కూల్లో ఉంది. ఆ మాస్టారు ఆ రోజు సెలవు పీరియడ్లు సర్దే పనిలో ఉంటే ఈ గొలుసే లేదు.

దొడ్డిదారి ఖరీదు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అని ఊరుంది. వెయిట్ లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల విభాగంలో మొదట కాంస్యం అందుకుంది. తర్వాత అది రజతం అయింది. ఎందుకంటే బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ టెస్టులో దొరికింది.

మనకి రజతం వచ్చిందని సంతోషమే. కానీ ఒక్క నిమిషం ఆగండి. దొరికిన ఆ అమ్మాయి వయసు 16. మన లెక్కలో ఇంటర్ ఫస్టియర్ పిల్ల. ఆ వయసులో పిల్ల ఒంట్లోకి ఏం వెళ్తుందో పక్కనున్న పెద్దవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? మనమూ ఏమీ ముత్యాలం కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరు భారత మహిళా లిఫ్టర్లు డోప్ పరీక్షలో పట్టుబడ్డారు.

దొంగ వయసు సర్టిఫికెట్ కూడా ఇలాంటిదే. పదహారేళ్ళ వాడిని అండర్ 14లో ఆడిస్తే ఆ ఏడాది కప్పు వస్తుంది. కానీ ఆ కప్పు ఎవరిది? నిజంగా పదమూడేళ్ళున్న ఒక గుంటడిది. వాడు ఓడిపోయి, నాకు ఆట రాదు అనుకుని ఇంటికెళ్ళిపోతాడు. అబద్ధం ఒకడిని గెలిపించదు, పదిమందిని ఆట నుంచి పంపేస్తుంది.

నార్వే వాళ్ళు ఏం చేశారు?

మనం 1987 దగ్గర ఉన్నాం కదా, అదే ఏడాది నార్వే అనే చిన్న దేశం పిల్లల ఆటలకి నియమాలు పెట్టుకుంది. జనాభా మన రెండు మూడు జిల్లాలంత. 2007లో వాటిని ఇంకా గట్టిచేశారు. అక్కడ 11 ఏళ్ళ లోపు పిల్లల పోటీల్లో ర్యాంకులు, పాయింట్ల పట్టికలు పెట్టరు. 13 ఏళ్ళ లోపు పిల్లలకి జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. పిల్లలు రకరకాల ఆటలు ఆడాలి, ఏ ఆట ఆడాలో వాళ్ళే చెప్పాలి.

ఇది వింటే మనవాళ్ళు "అలా అయితే గెలిచినట్టే" అని నవ్వుతారు. వాళ్ళు 2018 వింటర్ ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అందరికంటే పైన నిలిచారు. 2022లో 16 బంగారాలతో మళ్ళీ పైన. డబ్బున్న దేశం, మంచు దేశం, నిజమే. వాళ్ళనే కాపీ కొట్టమని నేను చెప్పట్లేదు. కానీ పిల్లలని చిన్నప్పుడే ఏరకపోతే ఛాంపియన్లు రారు అనే మాట మాత్రం తప్పని తేలింది. ఇంకా చెప్పాలంటే, అందరినీ ఆడనివ్వడం, పెద్దవాడిని చూసి చిన్నవాడు నేర్చుకోవడం మన వ్యాయామశాలలకి కొత్తేం కాదు. మనమే వదిలేశాం.

మెడల్ రాని వందమంది సంగతి

ఇప్పుడు అసలు విషయం. ఎచ్చెర్లలో పొద్దున్నే అయిదింటికి లేచి చూడండి. యూనివర్సిటీ చుట్టుపక్కల, హైవే సర్వీస్ రోడ్ల మీద కుర్రాళ్ళు పరిగెడుతుంటారు. అమ్మాయిలు కూడా. ఏం ఆట అంటారా? ఆట కాదు. కానిస్టేబుల్ ఈవెంట్స్. 1600 మీటర్లు పరిగెత్తాలి. కొందరు ఆర్మీకి. మన జిల్లా నుంచి సైన్యానికి వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు.

వాళ్ళని ఆపి అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే. స్కూల్లో ఎప్పుడూ పరిగెత్తలేదన్నా, ఇదే మొదలు. ఇరవై ఏళ్ళకి మొదటిసారి షూ కట్టి, మూడు నెలల్లో టైమింగ్ రావాలని పరిగెత్తితే ఏమవుతుంది? పిక్కలు పట్టేస్తాయి, మోకాళ్ళు పోతాయి. చదువులో మార్కులున్నా ఈవెంట్స్‌లో పోతారు. ఆరో తరగతి నుంచి వారానికి మూడు రోజులు ఎవరైనా ఈల వేసి ఆడించి ఉంటే ఈ కష్టం ఉండేది కాదు. స్కూల్లో ఆటల వల్ల మెడల్ ఒకరికే వస్తుంది. ఒళ్ళు మాత్రం అందరికీ వస్తుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఏడు, ఎనిమిది తరగతులు వచ్చేసరికి గ్రౌండ్‌లో కనపడరు. టాయిలెట్ సరిగ్గా ఉండదు, బట్టల గురించి మాటలు, "ఇంక చాల్లే, ఇంటికి రా" అనే పిలుపు. మల్లీశ్వరి మొదలుపెట్టింది సరిగ్గా మన పిల్లలు మానేసే ఆ వయసులోనే. ఆమెకి తల్లి అండ ఉంది, పక్కన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఒంటరిగా ఒక్క పిల్లని రమ్మంటే రాదు. నలుగురిని కలిపి రమ్మంటే వస్తారు. ఈ కిటుకు తెలిసిన మాస్టారి గ్రౌండ్‌లోనే ఆడపిల్లలు నిలుస్తారు.

చట్టం కూడా మన వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి స్కూలుకీ ఆటస్థలం ఉండాలి, ఆట సామాన్లు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకి బోధకుడు ఉండాలి. కాగితం మీద ఉన్న ఆ పీరియడ్‌ని లెక్కల సారు తీసుకుంటే అది ఆయన మంచితనం కాదు, పిల్లల హక్కు పోవడం.

మరి మనం ఏం చేద్దాం?

ఇంత చరిత్ర విన్నాక నాకు అర్థమైన కోచ్ సూత్రం చాలా చిన్నది. తలుపు తెరిచి ఉంచు. కర్రతో మొదలుపెట్టు. అబద్ధం ఆడించకు. టైమ్ వచ్చినప్పుడు చెయ్యి వదులు. మిగతాది పిల్లలు చూసుకుంటారు.

ఈ వీడియో చూసేవాళ్ళలో బీపీఈడీ చదివేవాళ్ళు ఉంటే, మీ మొదటి స్కూల్లో చేరిన రోజున సెలెక్షన్స్ పెట్టకండి. ముందు అందరినీ ఒక నెల ఆడించండి. చెడుగుడో, ఖోఖోనో, బంతి ఒక్కటి ఉన్నా చాలు. స్కూల్లో చదువుకునేవాళ్ళు ఉంటే ఆటల పీరియడ్ ఎటుపోతోందో హెడ్ మాస్టారిని మర్యాదగా అడగండి. నలుగురు కలిసి అడగండి. చదువు అయిపోయి ఊళ్ళో ఉన్నవాళ్ళయితే, సాయంత్రం ఒక గంట మీ ఊరి స్కూలు గ్రౌండ్‌కి మాస్టారి అనుమతితో వెళ్ళండి. కానిస్టేబుల్‌కి పరిగెత్తేవాళ్ళు ఎలాగూ పరిగెడుతున్నారు, పక్కన పదిమంది పిల్లల్ని కూడా పరిగెత్తించండి. తాలింఖానాలో పెద్దవాడు చిన్నవాడికి నేర్పినట్టే.

ఇంకొక్కటి. మీకు మొదట ఆట నేర్పిన మాస్టారు ఎక్కడున్నారో కనుక్కోండి. రిటైర్ అయి ఉంటారు, ఊళ్ళోనే ఉంటారు. ఒక్క ఫోన్ కొట్టండి. కింద కామెంట్స్‌లో ఆయన్ని తలుచుకోండి. మీరు మెడల్ కొట్టకపోయినా పర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.